పొడుగు ముక్క దాటేదాకా

మా బ్రిడ్జి కింద నీళ్లుండవు. నేల మీద రెండు వరసలుగా నీలం టేపు అంటిస్తారు, ఆ మధ్యదే నది. అందులో కాలు పెడితే మునిగినట్టే లెక్క, మార్కులు పోతాయి. ఇనుప ముక్కలన్నీ ఓ మూల పేర్చి పెట్టుకుని, ఈల వేయగానే వాటిని మోసుకొచ్చి, నదికి అడ్డంగా బోల్టులతో బిగించి వంతెన నిలబెట్టాలి. తర్వాత జడ్జీలు దాని మీద బరువులు పేర్చి ఎంత వంగిందో కొలుస్తారు. త్వరగా కట్టాలి, తక్కువ ఇనుముతో కట్టాలి, వంగకుండా కట్టాలి. అంతా అయ్యాక దాన్ని విప్పి సంచుల్లో వేసుకుని రైలెక్కడమే. ఏడాదంతా చేసిన పని ఒక పూట కూడా నిలబడదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనని మా నాన్న అనేవాడు. మాది వరంగల్ బజారులో బట్టల దుకాణం. ఇనుము మోయడానికి కూతురిని సివిల్ ఇంజనీరింగ్‌లో చేర్పించానా అని ఆయన బాధ ఆయనది.

ఈమధ్య కాలేజీ పిల్లలు ఫోన్ చేసి, మన స్టీల్ బ్రిడ్జి టీం చరిత్ర రాసిపెట్టమని అడిగారు. ఏ ఏడు ఎక్కడికి వెళ్లాం, ఏ స్థానం వచ్చింది, అన్నీ రాసి పంపాను. మేం ఫైనలియర్‌లో ఉన్న ఏడు దగ్గర 'కట్టడంలో ఆలస్యమైంది' అని ఒక్క మాట రాశాను. వాళ్లకు అది చాలు. నాకు చాలలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

చరిత్ర అంటే గొప్పదేమీ కాదు. మొదటి టీంవాళ్లు గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డారట. లారీ ఎక్కినా చలించని బ్రిడ్జి చేసుకుపోతే, దాన్ని హాలులోకి చేర్చడానికే మనుషులు చాలలేదట. ఆ మరుసటి ఏడు బుద్ధి తెచ్చుకుని సన్న పైపులతో కడితే, బరువు పెట్టగానే అది పక్కకు తిరిగి పడుకుంది. ఆ తర్వాతి వాళ్లు నిజంగానే మంచి బ్రిడ్జి చేశారు. కానీ నట్ల సంచీని కాజీపేట స్టేషన్‌లో బెంచీ మీద మరిచిపోయి రైలెక్కారు. మా దాకా వచ్చేసరికి కప్పులేవీ లేవు గానీ కట్టుబాట్లు మాత్రం బోలెడు పోగయ్యాయి.

పోటీ నుంచి రాగానే బ్రిడ్జిని కోసేయడం ఒకటి. ఉంచితే వచ్చే ఏటివాళ్లు దాన్నే చూసి కాపీ కొడతారని పాత సీనియర్లు పెట్టిన నియమం. కోసిన వాటిలోంచి ఒక్కొక్కరూ తాము చేసిన ముక్క ఒకటి ఏరుకుని వర్క్‌షాప్ కిటికీకి వెల్డింగ్ చేస్తారు. ఆ కిటికీకి వేరే ఊచలు లేవు, మా ముక్కలే ఊచలు. ఎప్పుడో పాసై వెళ్లినవాళ్లు పెళ్లాం పిల్లలతో వచ్చి, దాని ముందు నిలబడి "గీ జాయింట్ నేను చేసిందే" అని చూపించుకుని ఫొటో దిగి పోతారు. ప్రాక్టీసు వీడియో తీయకూడదన్నది ఇంకో కట్టుబాటు. తీస్తే దిష్టి తగులుతుందట. ఇంజనీరింగ్ చదివేవాళ్ల నమ్మకం అది.

అన్నిటికంటే వింతది ఉత్త చేతుల నడక. ములుగు రోడ్డులోని వెల్డింగ్ షెడ్డు నుంచి మా ఇనుము ఏనాడూ చెప్పిన రోజుకు రాదు. అందుకని ఎండాకాలం నుంచే చేతుల్లో ఏమీ లేకుండా నడవడం మొదలుపెడతాం. ఎవరు ఏ ముక్క ఎత్తుకోవాలి, ఎటు తిరగాలి, ఎవరికి ఎవరు దారివ్వాలి, అంతా ఉత్త చేతులతోనే. ముక్క ఉన్నట్టే చేతులు చాపాలి, బరువున్నట్టే నడుం వంచాలి. లేని బోల్టు తీసి లేని రంధ్రంలో పెట్టాలి. ఒక్కరూ మాట్లాడకూడదు. మా వాచ్‌మెన్ మొదటిసారి చూసి, "ఈ పిల్లలకు గాలి సోకినట్టుంది సార్" అని టీంను చూసుకునే మా సార్‌కు చెప్పాడు. నెలలు గడిచేసరికి ఆ నడక ఒంట్లోకి దిగిపోతుంది. అప్పుడు ఇనుము చేతికొచ్చినా, రాకపోయినా కాళ్లకు తేడా తెలియదు.

ఇప్పుడు మా పొడుగు ముక్క మోసినవాడి గురించి చెప్పాలి. వాడు మా క్లాసే. పరకాల అవతలి పల్లె, పత్తి వేసే ఇల్లు. బొమ్మ గీయడం వాడికి రాదు. లెక్కలు వేస్తే ఎక్కడో ఓ సున్నా పోయేది. వెల్డింగ్ నేర్చుకుంటానని కూర్చుని చొక్కా కాల్చుకున్నాడు. వాడికి వచ్చిందల్లా మోయడం. చిన్నప్పటి నుంచి పత్తికట్టె మోపులు మోసిన భుజం అది. మా బ్రిడ్జిలో అన్నిటికంటే పొడుగైన ముక్కను నడుమ పట్టుకుని, రెండు కొసలూ ఊగకుండా, నది పక్కన వదిలిన సన్నటి దారిలోంచి పోయి, అవతలి ఒడ్డున చేతులు చాపి నిలబడ్డ కెప్టెన్‌కు అందించడం వాడి పని.

ఆ దారి మొదట్లోనే నేను కూర్చుని బోల్టులు బిగిస్తాను. వాడు రావడం చూసి నేను లేచి, ఒక అడుగు వెనక్కి వేసి, భుజం పక్కకు తిప్పుకోవాలి. నా పక్కనున్నవాళ్లు బ్రిడ్జి మీది నుంచి చేతులు తీసేయాలి. లేకపోతే ముక్క తోక తగులుతుంది. వాడు దాటాక మళ్లీ అందరం పనిలో పడతాం. ప్రాక్టీసులో మాట్లాడకూడదన్న నియమాన్ని వాడొక్కడే తప్పేవాడు.

"సేటమ్మా, జర జరుగు" అనేవాడు, నాకు మాత్రమే వినపడేట్టు.

దుకాణం వాళ్ల పిల్లనని ఆ పిలుపు. నాకు ఒళ్లు మండేది. సగం తిప్పిన నట్టు వదిలేసి లేవాలంటే ఎవరికైనా మంటే. ఒకరోజు గట్టిగానే అడిగాను.

"రోజూ నేనే ఎందుకు జరగాలెరా? నువ్వు జర ఆగరాదా?"

"నువ్వు జరగకుంటె నదిల పడ్త. నాకు ఈత రాదు" అన్నాడు. అంతా నవ్వారు. నేను నవ్వలేదు, నాకు నిజంగానే కోపం వచ్చింది.

వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. అలసట అనుకుని ఊరికి పోయాడు. దవాఖానకు తెచ్చేసరికి డెంగీ ముదిరింది. మేం వంతులవారీగా పోయి రక్తం ఇచ్చాం, ప్లేట్‌లెట్లకు పరుగెత్తాం. ఒక మధ్యాహ్నం నేను వరండాలో టీ తాగుతుంటే మా టీం కెప్టెన్ బయటికి వచ్చి, అయిపోయిందన్నాడు. నేను టీ పూర్తిగా తాగి గ్లాసు డబ్బాలో వేశాను. ఆ సంగతి ఎందుకు గుర్తుందో తెలియదు.

నాకు ఏడుపు రాలేదు. ఆపుకున్నానని కాదు, లోపల ఏమీ లేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప తనది కానట్టు ఉంటుంది కదా, అలా ఉన్నాను. వాళ్ల ఊరికి పోయాం. పాడె మోస్తున్న నలుగురి అడుగులు కలవడం లేదని, ముందు కుడివైపు ఉన్నతను పొట్టివాడు కాబట్టి వెనక్కి మారితే మంచిదని అనుకుంటూ నడిచాను. చితి దగ్గర కూడా అదే ఆలోచన. ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

దినాల నాడు మళ్లీ పోయాం. వాళ్లమ్మ మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఇంటికొస్తె బిర్జి బిర్జి అనుకుంట తిరిగెటోడు" అంది. "మా వాగు మీద కడ్తాండేమో అనుకున్న. కాదట కద."

"కాదమ్మా. పోటీల కోసం కడ్తం. చిన్నది" అన్నాను.

"చిన్నదైతేంది. కట్టుడు అయినంక నన్ను పిలువుండ్రి బిడ్డా. మావోడు చేసింది ఏదో నాకు సూపెట్టుండ్రి. కండ్లార సూస్త."

"చూపెడ్తం అమ్మా" అన్నాను. మాట ఇచ్చింది నేనే.

తిరుగు బస్సులో నాకు గుబులు పట్టుకుంది. వాడు చేసింది ఏది? బొమ్మ గీసింది కెప్టెన్. లెక్కలు వేసింది ఇంకొకడు. జాయింట్లు నావి. ఒక్క ముక్క కూడా వాడి చేత్తో తయారైంది లేదు. కిటికీకి వెల్డింగ్ చేద్దామన్నా వాడిదంటూ ఒక్క పైపు లేదు. వాడు మోశాడు, అంతే. మోసింది ఎలా చూపించాలి?

"ఏదో ఒక ముక్క చూపెట్టి ఇది నీ కొడుకు చేసిండు అందాం. ఆమెకేం తెలుస్తది?" అన్నాడు కెప్టెన్.

"నీ నోట్ల మన్నుపడ" అని తిట్టాను. బస్సులో ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు. తిట్టాను గానీ, అంతకంటే మంచి జవాబు నా దగ్గరా లేదు. ఆ సంవత్సరం పోటీకి పోవాలని నేనే పట్టుబట్టాను. బ్రిడ్జి అంటూ ఉంటే ఆమెకు చూపించడానికి ఏదో ఒకటి దొరుకుతుందని ఆశ.

వాడి స్థానంలో జూనియర్ ఒకతన్ని తీసుకున్నాం. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. పొడుగు ముక్కను ఒక్కడే మోయడం అతని వల్ల కాలేదు. కాబట్టి పద్ధతి మార్చాం. ఈ ఒడ్డున ఇద్దరు ముక్కను నది మీదుగా చాపుతారు, అతను ఆ ఒడ్డున నిలబడి అందుకుంటాడు. ఇక ఆ సన్నటి దారిలో ఎవరూ నడవరు. నాకు లేచే పని తప్పింది.

లెక్క ప్రకారం ఈ పద్ధతిలో టైం కలిసి రావాలి. రాలేదు. సార్ గడియారం మీంచి కళ్లు తీయకుండా తల పట్టుకునేవారు.

"ఏడనో టైం పోతాంది. కుండకు చిల్లి పడ్డట్టు పోతాంది. ఏడనో పట్టుకోండి."

మేం పట్టుకోలేకపోయాం. జాయింట్లు మరీ బిగుతుగా ఉన్నాయేమోనని నేను రంధ్రాలు ఆకురాయితో రుద్దాను. ఇంకొకడు కొత్త పానాలు తెచ్చాడు. జూనియర్ తనవల్లే అనుకుని రోజూ ముందుగా వచ్చి ఒక్కడే ఉత్త చేతులతో ప్రాక్టీసు చేసేవాడు. చిల్లి మాత్రం దొరకలేదు.

పోటీ వేరే ఊళ్లో, పెద్ద హాలులో. ఈల వేశారు. కాళ్లు వాటంతటవి కదిలాయి. నాకు భయం లేదు, ఉత్సాహమూ లేదు. చేతికి వచ్చిన ముక్క పెట్టాను, బోల్టు తోశాను, నట్టు తిప్పాను. కింద ఏదీ పడలేదు, నదిలో ఎవరి కాలూ పడలేదు. బరువులు పెడితే మా బ్రిడ్జి దాదాపు వంగనే లేదు. పాత సీనియర్లు ఎవరైనా చూసి ఉంటే సంతోషంతో ఏడ్చేవాళ్లు. కానీ కట్టడంలో వెనకబడి ఎక్కడో కింద తేలాం.

సామాన్లు సర్దుకుంటుంటే ఒక జడ్జి వచ్చాడు.

"మధ్యలో అందరూ ఆగిపోయారు కదా, ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు.

"లేదు సార్. మేం ఆగలేదు" అన్నాను.

"సరే" అని నవ్వి వెళ్లిపోయాడు. కళ్లు సరిగా కనపడవేమో ఈయనకు అనుకున్నాను.

తిరుగు రైల్లో కెప్టెన్ ఫోన్ తీశాడు. హాలులో ఎవరో తీసిన వీడియో అతనికి పంపారు. మేం కట్టడం మేం చూసుకోవడం అదే మొదలు. అందరం తలలు దగ్గర పెట్టుకుని చూశాం. బాగానే కడుతున్నాం. పొడుగు ముక్కను నది మీదుగా చాపడం, జూనియర్ అందుకోవడం అయింది. అప్పుడు నేను నట్టు వదిలేసి లేచాను. ఒక అడుగు వెనక్కి వేశాను. భుజం పక్కకు తిప్పాను. పక్కనున్న ఇద్దరూ బ్రిడ్జి మీది నుంచి చేతులు తీశారు. ఆ ఒడ్డున కెప్టెన్ చేతులు చాపి నిలబడ్డాడు. దారిలో ఎవరూ లేరు. కాసేపు మేమందరం ఊరికే నిలబడి ఉన్నాం. తర్వాత అందరం ఒకేసారి కదిలి పనిలో పడ్డాం.

కెప్టెన్ వెనక్కి జరిపి మళ్లీ చూపించాడు. జూనియర్ మెల్లగా అన్నాడు.

"అక్కా, అది ప్లాన్‌ల ఉన్నదనుకున్న. మీరంత రోజు ఆగుతాండ్రు గద, నేను గూడ ఆగిన."

రోజూ ఆగుతున్నామన్నమాట. వాడు పోయినప్పటి నుంచి ప్రతి ప్రాక్టీసులో, ఇనుము ఉన్నా లేకున్నా, వాడు దాటేంతసేపు దారి వదిలి నిలబడుతున్నాం. సార్ చెప్పిన చిల్లి అదే. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. సీసా తీసి నీళ్లు తాగాను.

బ్రిడ్జిని కోయకముందే వాళ్లమ్మను పిలిచాం. ఒక్కతే వచ్చింది, పరకాల బస్సు దిగి ఆటోలో. కాళ్లు కడుక్కుని వర్క్‌షాప్‌లోకి అడుగుపెట్టగానే కిటికీ చూసింది. అది ఏమిటో మా సార్ చెప్పారు.

"గీటిల మావోడిది ఏది?" అంది.

"ఈ ఏటివి ఇంక పెట్టలేదమ్మా" అని సార్ తప్పించుకున్నారు. కెప్టెన్ నా వైపు చూశాడు. అతని చేతిలో ఒక ముక్క సిద్ధంగా ఉంది, మంచిది, బాగా నునుపు చేసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"ముందుగాల కట్టి చూపెడ్తం. కూసోండి అమ్మా" అన్నాను.

స్టూలు వేస్తే కూర్చుంది. సార్ ఈల వేశారు. ఆగుదామనీ అనుకోలేదు, ఆగొద్దనీ అనుకోలేదు. రైలు దిగాక ఆ సంగతి మేం మాట్లాడుకోనే లేదు. పొడుగు ముక్క నది దాటి ఆ ఒడ్డు చేరింది. నా కాళ్లు లేచాయి. ఒక అడుగు వెనక్కి, భుజం పక్కకు. చేతులన్నీ బ్రిడ్జి వదిలాయి. నిలబడ్డాం. మళ్లీ కదిలాం. బ్రిడ్జి పూర్తయింది.

ఆమె బ్రిడ్జి వైపు చూడలేదు. నేల మీది ఆ సన్నటి దారి చూసింది.

"నడుమ ఎందుకు ఆగిండ్రు? ఎవలన్న అచ్చేదుండెనా?"

సార్ నా వైపు చూశారు. నేనే చెప్పాను.

"మీవోడే అమ్మా. పొడుగు ముక్క పట్టుకొని గీ దారిలకెల్లి పోయెటోడు. మేమంత జరిగెటోళ్లం. ఇప్పుడు గీ దారిల ఎవ్వలు పోరు. అయినా మా కాళ్లు జరుగుతానయ్. మాకు తెల్వకుంటనే. మీవోడు ఈ ఇనుముల ఏదీ చెయ్యలేదమ్మా. గిదే చేసిండు."

ఆమె కొంగుతో మోకాలు తుడుచుకుంది. అక్కడ దుమ్మేమీ లేదు. తర్వాత అంది.

"మల్లొక్కపారి కట్టుండ్రి బిడ్డా."

విప్పి, ముక్కలన్నీ మళ్లీ మూలకు పేర్చాం. నాకు అప్పుడు భయం వేసింది. ఇన్నాళ్లూ తెలియక ఆగాం. ఇప్పుడు తెలిసి ఆగాలి. వాడు దాటడానికి ఎంతసేపు పట్టేదో నన్ను అడిగితే చెప్పలేను. కాళ్లకు తెలుసు, నాకు తెలియదు. ఎక్కువసేపు నిలబడితే నాటకంలా ఉంటుంది, తక్కువసేపు నిలబడితే వాడిని తోసేసినట్టు ఉంటుంది.

ఈల వేశారు. పొడుగు ముక్క ఆ ఒడ్డుకు చేరింది. నేను నట్టు వదిలి లేచాను. ఒక అడుగు వెనక్కి వేసి భుజం తిప్పాను. ఇక ఎప్పుడు కదలాలో తెలియలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు, నేను కదిలితే కదులుదామని. నేను వాళ్లమ్మ వైపు చూశాను.

ఆమె మమ్మల్ని చూడటం లేదు. ఆమె చూపు దారి మొదట్లో ఉంది. అక్కడి నుంచి మెల్లగా ముందుకు జరిగింది. నా ముందు నుంచి పోయింది. నది పక్కన, తొందర లేకుండా, బరువు మోసే మనిషి నడిచినంత నిదానంగా పోయింది. ఆమె తల కొంచెం కొంచెంగా తిరుగుతోంది. ఆ ఒడ్డున కెప్టెన్ చాపిన చేతుల దాకా పోయి ఆగింది.

అప్పుడు నేను ముందుకు వచ్చి కూర్చుని పానా అందుకున్నాను. ఏడుపు అప్పుడొచ్చింది. నట్టు కనపడలేదు, తడుముకుని బిగించాను.